గోదారి ఎర్రనీళ్ల నుంచి ఊరి చెరువు బురద దాకా: నీళ్లలో కార్బన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నీళ్లలో కార్బన్ అంటే ఏమిటి? బొగ్గు కలుస్తుందనా?

కాదు. బొగ్గు అనేది కార్బన్ వేసే వేషాల్లో ఒకటి. నీళ్లలో దానికి వేరే వేషాలున్నాయి. వరదకు కొట్టుకొచ్చే ఆకులు, పుల్లలు, మట్టిరేణువులను అంటుకుని వచ్చే కుళ్లు కంటికి కనిపించే రకం. తొట్టిలో ఆకులు రాలి నాలుగు రోజులు నానితే నీళ్లు పల్చటి టీ రంగుకు వస్తాయి కదా, ఆ రంగు కరిగిపోయిన సేంద్రియ కార్బన్‌ది. బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. ఆ పొరలో కూడా కార్బన్ ఉంది. కాచకముందు అది బైకార్బనేట్ రూపంలో నీళ్లలో కరిగి, కనపడకుండా ఉంటుంది. మన నదులు ఎక్కువగా మోసేది ఈ బైకార్బనేట్‌నే. ఇవి కాక రెండు వాయువులు: కార్బన్ డయాక్సైడ్, మీథేన్. ఈ పేజీలో ఎక్కువగా మాట్లాడుకునేది వీటి గురించే.

ఇదంతా నీళ్లలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

చాలా వరకు నేల నుంచే. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆకు, కొమ్మ, వేరు తయారుచేసుకుంటుంది. ఆకు రాలి మట్టిలో కలుస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తిని శ్వాసిస్తాయి కాబట్టి మట్టి రంధ్రాల్లో ఉండే గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే చాలా ఎక్కువ. వాన నీరు ఆ మట్టిలోంచి ఇంకుతూ పోయేటప్పుడు ఆ వాయువును కరిగించుకుని, వాగుల్లో ఊటగా బయటపడుతుంది. కొంత మట్టి, ఆకు నేరుగా కోసుకుపోతాయి. దీనికి తోడు ఊళ్ల మురుగు, పొలాల ఎరువు, ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తాయి. నీళ్లలో పెరిగే నాచు, మొక్కలు సొంతంగా తయారుచేసుకునేది ఇంకొంత.

నది మోసుకొచ్చేదంతా చివరికి సముద్రానికే కదా?

చాలామంది అనుకునేది ఇదే. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం లెక్కల్లో నదిని ఒక గొట్టంగానే చూశారు: ఈ చివర నేల, ఆ చివర సముద్రం, మధ్యలో ఏమీ జరగదు.

2007లో శాస్త్రవేత్త జోనథన్ కోల్, మరికొందరు కలిసి ప్రచురించిన ఒక లెక్క ఈ అభిప్రాయాన్ని మార్చేసింది. ప్రపంచం మొత్తం మీద నేల నుంచి నదులు, చెరువులు, జలాశయాల్లోకి ఏటా దాదాపు 190 కోట్ల టన్నుల కార్బన్ చేరుతుందని వాళ్లు తేల్చారు. అందులో సముద్రం చేరేది సుమారు 90 కోట్ల టన్నులే. 20 కోట్ల టన్నులు దారిలో బురదలో పూడిపోతుంది. మిగిలిన కనీసం 80 కోట్ల టన్నులు నీళ్ల మీది నుంచి గాలిలోకి తిరిగి వెళ్లిపోతుంది. 2013లో పీటర్ రేమండ్ బృందం ఇంకా ఎక్కువ చోట్ల కొలతలు తీసుకుని, గాలిలోకి పోయేది ఏటా సుమారు 210 కోట్ల టన్నులని చెప్పింది. అందులో అత్యధిక భాగం నదులు, వాగుల నుంచే. బొగ్గు, పెట్రోలు మండించి మనం గాలిలోకి వదిలేది ఏటా సుమారు 1,000 కోట్ల టన్నుల కార్బన్. దాని పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత పెద్ద అంకో అర్థమవుతుంది. పైగా నదులన్నీ కలిపినా భూభాగంలో ఒక్క శాతం కూడా ఆక్రమించవు.

అందుకే నన్నడిగితే, నదిని గొట్టం అనడం కంటే పొట్ట అనడం సరైన మాట. తిన్నదాంట్లో కొంత అరిగిస్తుంది, కొంత దాచుకుంటుంది, కొంత ముందుకు పంపుతుంది.

గోదావరిలో ఇలాంటివి కొలిచారా?

కొలిచారు. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు గోదావరి సముద్రంలో కలిసే చోట చేసిన పని 2011లో ప్రచురితమైంది. ఆ ఫలితాలు మొదటిసారి చదివినప్పుడు అంకె దగ్గర ఆగిపోయి, సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం సుమారు 400 మైక్రో అట్మాస్ఫియర్లు. నీళ్లలో కూడా అంతే ఉంటే ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. వేసవిలో, ధవళేశ్వరం నుంచి కిందికి నీళ్లు దాదాపు ఆగిపోయి సముద్రపు నీరు పైకి ఎగదన్నే రోజుల్లో, ముఖద్వారం దగ్గర 500 కంటే తక్కువే ఉంది. అదే వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో 30,000 దాటింది. అంటే గాలి కంటే 75 రెట్లు. గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగేది ఎందుకో మనకు తెలుసు. లోపల ఎక్కువ ఉంది కాబట్టి బయటికి వస్తుంది. వరద గోదావరి అంత బుస్సుమనదు కానీ, చేసే పని మాత్రం అదే.

ఎందుకలా? గోదారి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు, ఎర్రనీళ్లు రావడమంటే ఏమిటో. తొలకరి తర్వాత పైన కురిసిన వానలకు మొదటి వరద దిగి, ఏరు రాత్రికి రాత్రి రంగు మారుతుంది. పులస కోసం జనం ఎదురుచూసేది అప్పుడే. ఆ ఎరుపు ఉత్త మన్ను కాదు. ఎనిమిది నెలలుగా అడవుల్లో, పొలాల్లో, ఊళ్ల గట్ల మీద పోగుపడిన సేంద్రియ పదార్థం ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. నీళ్లలోని బ్యాక్టీరియాకు అది పండగ భోజనం. ఇంకోపక్క నీళ్లు బాగా మురికిగా ఉండడంతో ఎండ లోపలికి దిగదు. ఎండ లేకపోతే నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోలేదు. వదిలేవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లు లేరు. అందుకే అంత పేరుకుంటుంది.

ఇందులో నాకు ముఖ్యంగా అనిపించేది ఒకటుంది. సంవత్సరంలో ఏదో ఒక ఎండాకాలపు రోజున వెళ్లి నాలుగు సీసాలు నింపుకొచ్చి లెక్కవేస్తే, గోదావరి దాదాపు ఏమీ వదలడం లేదని రాసేస్తాం. మన నదులు వానాకాలపు నదులు. వాటి కథంతా మూడు నాలుగు నెలల్లోనే జరుగుతుంది. వరదలో పడవేసుకుని వెళ్లి కొలిచినవాళ్లకే అసలు సంగతి తెలిసింది.

అయితే నదులు కూడా కాలుష్యం చేస్తున్నట్టేనా?

అలా అనడం నదికి అన్యాయం చేయడమే. అది వదిలేదాంట్లో ఎక్కువ భాగం, చెట్లు గాలి నుంచే తీసుకున్న కార్బన్. ఈ చేత్తో తీసుకున్నది ఆ చేత్తో తిరిగి ఇస్తోంది. మనుషులు లేని కాలంలో కూడా నదులు ఇదే పని చేశాయి. బొగ్గు గని కథ వేరు. కోట్ల ఏళ్లుగా నేల కింద మూసి ఉన్నదాన్ని తవ్వి తీసి కాలుస్తున్నాం.

అయితే ఒక చిక్కుంది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం నదుల నుంచి వచ్చే కార్బన్ వయసును లెక్కగట్టింది. సగానికి పైగా వేల ఏళ్ల నాటి మట్టి నుంచి, అంతకంటే పాత రాళ్ల నుంచి వస్తోందని తేలింది. అంటే మొన్న రాలిన ఆకే కాదు, లోతు పొరల్లో భద్రంగా ఉందనుకున్నది కూడా నీళ్ల దారిలో కారిపోతోంది. మన అడవులు ఇంత కార్బన్ దాచాయి అని లెక్క రాసుకునేటప్పుడు, వాగులోంచి పోయినదాన్ని కూడా తీసేయాలి. తీసేయకపోతే ఆ లెక్క తప్పు.

రాయి కూడా కార్బన్‌ను మింగుతుందంటారు. నిజమేనా?

నిజమే. నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి మొదలుపెట్టి గోదావరి పై సగం దక్కను నల్లరాతి మీదుగా పారుతుంది. అది అగ్నిపర్వతాల లావా గట్టిపడిన బసాల్ట్. మన నల్లరేగడి ఆ రాయి అరిగి పుట్టినదే. వాన నీరు, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కలిసి పల్చటి ఆమ్లంగా మారి ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఆ క్రమంలో వాయువు బైకార్బనేట్‌గా మారి నదిలో కలుస్తుంది. అది సముద్రం చేరి, గవ్వలూ పగడాలూ దాన్ని సున్నపురాయిగా మార్చేటప్పుడు సగం తిరిగి గాలికి పోతుంది, సగం లక్షల ఏళ్లపాటు రాయిలో ఉండిపోతుంది. రాళ్లన్నిట్లో బసాల్ట్ ఈ పనిని చురుగ్గా చేస్తుంది, వేడి, వాన ఎక్కువున్న చోట మరీనూ.

సున్నపురాయి సంగతి వేరు. అది కరిగేటప్పుడు తీసుకున్నదాన్ని మళ్లీ గట్టిపడేటప్పుడు వదిలేస్తుంది. ఇది కళ్లారా చూడాలంటే బొర్రా గుహలకు వెళ్లండి. పైకప్పు నుంచి వేలాడే ఒక కొన దగ్గర కాసేపు నిలబడండి. చివర చుక్క ఊరుతుంది, బరువెక్కుతుంది, జారేముందు క్షణకాలం ఆగుతుంది. ఆ ఆగిన కాస్త సమయంలో తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను గుహలోని గాలికి వదిలేసి, కంటికి ఆననంత కాల్సైట్‌ను అక్కడ అతికించి పోతుంది. అంత పెద్ద శిలలు అలా పేరినవే.

తెల్లవారుజామున చేపలు పైకి తేలడానికీ నీళ్లలోని కార్బన్‌కీ సంబంధం ఉందా?

ఉంది. ఈ విషయం నాకు ఏ పుస్తకంలోనో కాక, చెరువు గట్టు మీదే తెలిసింది. కైకలూరు వైపు మా మావయ్యకు చేపల చెరువు ఉండేది. ఆయన దగ్గర ఒక పాత నోట్‌బుక్. రోజూ పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణం ఎంతో చెప్పే అంకె) రాసేవాడు. పొద్దున 7.5 ఉంటే మధ్యాహ్నానికి 8.8కి వచ్చేది. మర్నాడు పొద్దునకు మళ్లీ దిగేది. పేజీల కొద్దీ అదే వరస.

అది ఆ చెరువు ఊపిరి. పగలు ఎండకు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుని ఆక్సిజన్ వదులుతుంది. నీళ్లలో ఆ వాయువు తగ్గితే ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఎండ లేదు. నాచు, చేపలు, బురదలోని బ్యాక్టీరియా, మిగిలిపోయిన మేత అన్నీ కలిసి ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. సూర్యోదయానికి ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిపోతుంది. చెరువుకు సున్నం చల్లేది కూడా ఇందుకే. బైకార్బనేట్ నిల్వ ఉంటే ఈ ఎగుడుదిగుళ్లు కాస్త తగ్గుతాయి.

ఒక ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేక పగలు తయారవ్వాల్సిన ఆక్సిజన్ తయారవ్వలేదు. మూడో రాత్రి కరెంటు పోయింది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ మొరాయించింది. తెల్లవారుజామున నాలుగింటికి మావయ్య టార్చి వేస్తే, నీళ్ల మీద వందల నోళ్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. బొచ్చెలు ముందు పోయాయి, తర్వాత శీలావతులు. పొద్దెక్కేసరికి గట్టు వెంబడి తెల్లగా తేలాయి. ఆయన ఆ రోజు కూడా ఆరింటికి పీహెచ్ చూసి రాశాడు. నది అయినా, చెరువు అయినా, పగలు ఆక్సిజన్ పెరగడం, రాత్రి తగ్గడం మామూలుగా రోజూ జరిగేదే. మేత, ఎరువు ఎక్కువైన చోట ఉబ్బు, తగ్గు రెండూ పెద్దవవుతాయి, అంతే.

చెరువు అడుగు నుంచి బుడగలు వస్తుంటాయి. అవేమిటి?

చాలావరకు మీథేన్. అడుగు బురదలో ఆక్సిజన్ అందదు. అక్కడ సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. ఇంటి వెనక గోబర్ గ్యాస్ ప్లాంటులో జరిగేది ఇదే. 1776లో ఇటలీలో అలెసాండ్రో వోల్టా మజోరే సరస్సు అంచున బురదను కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగలను సీసాలోకి పట్టి, అది మండే వాయువని చూపించాడు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టాయే ఆయన.

వందేళ్ల లెక్కన టన్ను మీథేన్, దాదాపు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన అయితే 80 టన్నుల పైమాటే. లోతైన నీళ్లలో మీథేన్ పైకి వచ్చేలోగా దాన్ని తినే బ్యాక్టీరియా చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. లోతు తక్కువైన చెరువులో బుడగకు దారి చిన్నది, మధ్యలో ఆపేవాళ్లుండరు. అందుకే మురుగు చేరే లోతులేని చెరువును చిన్నదని తీసిపారేయకూడదు. నీళ్లలో పోషకాలు ఇలాగే పెరుగుతూ పోతే, చెరువులు, జలాశయాల మీథేన్ ఈ శతాబ్దం చివరికి 30 నుంచి 90 శాతం దాకా పెరగవచ్చని 2019లో ఒక అంచనా వచ్చింది.

గుర్రపు డెక్క కార్బన్ పీల్చుకుంటుంది కదా, ఉంచితే మంచిదేనా?

పీల్చుకునేది గాలి నుంచే, నిజం. కానీ అది చచ్చి అడుగుకు చేరుతుంది. పైన చాపలా పరుచుకుని గాలిని, వెలుతురును నీళ్లలోకి రానివ్వదు. ఆక్సిజన్ లేని నీళ్లు, అడుగున బోలెడంత కుళ్లు: మీథేన్‌కి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. తీసి గట్టు మీద కుప్ప పోసి వదిలేయకుండా, గాలి తగిలేలా తిరగేస్తూ కంపోస్టు చేస్తే మేలు. అయినా మురుగు ఆపకుండా డెక్క తీస్తే వచ్చే ఏడాది మళ్లీ అంతే పెరుగుతుంది.

డ్యాములు కట్టాక ఈ చక్రం ఏమవుతుంది?

నీళ్లు ఆగుతాయి, మన్ను దిగుతుంది. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు చెబుతున్నది 215 చిల్లర. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు వచ్చింది. సాగునీటి లెక్కలో దీన్ని నష్టమంటాం. కార్బన్ లెక్కలో చూస్తే ఆ మట్టితో పాటు బోలెడు సేంద్రియ పదార్థం కూడా పూడిపోయింది. అది సముద్రానికి పోలేదు, గాలిలోకి పోలేదు. కానీ అదే బురద మీథేన్‌కు మేత. పూడిక, మీథేన్ రెండూ ఒకే చోట నడుస్తుంటాయి, ఏది ఎక్కువో ఆ జలాశయంలో కొలవందే చెప్పలేం.

చెట్లు కొట్టకుండా నీళ్లు నింపితే మాత్రం సందేహం లేదు. ఫ్రెంచ్ గయానాలో 1994లో నింపిన పెతీ సో జలాశయం, బ్రెజిల్‌లోని బాల్బినా దీనికి పెద్ద ఉదాహరణలు. అడవి నీట మునిగి కుళ్లడం మొదలై, ఏళ్ల తరబడి మీథేన్ వదిలాయి. జలవిద్యుత్ అనగానే పొగలేని కరెంటు అనుకుంటాం. చాలా చోట్ల బొగ్గు కంటే ఎంతో నయమే. అన్ని చోట్లా కాదు. దేశాలు తమ జలాశయాల ఉద్గారాలను లెక్కగట్టే పద్ధతిని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన సంఘం ఐపీసీసీ 2019లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. మన దగ్గర ఇన్ని ప్రాజెక్టులున్నాయి, ఏ ఊరికెన్ని టీఎంసీలో వేళ్ల మీద చెబుతాం. నీటిమట్టం పక్కనే మీథేన్ అంకె కూడా చెప్పుకునే రోజు రావాలని నా కోరిక.

చెరువు పూడిక తీసి పొలంలో వేస్తే కార్బన్ పరంగా మంచిదేనా?

చాలావరకు మంచిదే. కాకతీయుల నాటి నుంచి మన రైతులు చేస్తున్న పని ఇది. ఎండాకాలంలో చెరువు మట్టి బండ్లకెత్తి చేలల్లో పోసుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో పెద్దయెత్తున తోలారు. చేను మీద నుంచి కొట్టుకుపోయిన మెత్తటి మన్ను, దాంతో పోయిన సేంద్రియ కార్బన్ మళ్లీ చేనుకే చేరుతుంది. ఎర్ర ఇసుక నేలలు నీళ్లు పట్టి ఉంచుకుంటాయి, ఎరువు ఖర్చు తగ్గుతుంది.

చేలో పోసిన మట్టిలోని కార్బన్ అంతా అక్కడే ఉండిపోదన్నది కూడా చెప్పాలి. గాలి తగలగానే కొంత కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అయినా చెరువు అడుగున మీథేన్‌గా పోవడం కంటే ఇది మేలు. అయితే ఫ్యాక్టరీ నీళ్లు, పట్టణ మురుగు కలిసే చెరువు మట్టిని పరీక్ష చేయించకుండా చేలో వేయొద్దు. బరువైన లోహాలు చేరి ఉంటే చేను చెడిపోతుంది.

ఎండిపోయిన చెరువు ఏమీ వదలదు కదా?

వదులుతుంది. నీళ్లు పోయి పగుళ్లిచ్చిన బురదలోకి ఆక్సిజన్ దిగి, అన్నాళ్లూ నెమ్మదిగా సాగిన కుళ్లు వేగం అందుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఏడాదికి సగం రోజులు ఎండి ఉండే చెరువులు వేలున్నాయి. వాటిని ఎండిన రోజుల్లో లెక్కలోంచి తీసేయడం తప్పు.

కొల్లేరు సంగతి?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కాబట్టి బుడమేరు, తమ్మిలేరు, కాలువల నీళ్లన్నీ అక్కడికే చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. వచ్చే నీళ్లతో పాటు చుట్టుపక్కల జిల్లాల మురుగు, ఎరువు, మేత అవశేషాలు వస్తాయి. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు తొలగించారు. గట్ల మధ్య నీళ్లు నిలిచిపోతే అడుగున ఆక్సిజన్ అందదు, పారితే అందుతుంది. కొల్లేటి కార్బన్ కథలో సగం ఆ పారుదలదే. అక్కడ బతికే వడ్డి కులపు జాలర్లు, రైతుల బతుకుతెరువు మాట పక్కనపెట్టి ఎవరూ పరిష్కారం చెప్పలేరు.

కామెరూన్‌లో సరస్సు జనాన్ని చంపిందట. మన దగ్గర జరుగుతుందా?

జరగదు. 1986 ఆగస్టు 21న న్యోస్ సరస్సు అడుగున పేరుకున్న అగ్నిపర్వత కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారి పైకి వచ్చి 1,700 మందికి పైగా చనిపోయారు. లోతు 200 మీటర్లకు పైమాటే, అడుగు నుంచి నిరంతరం వాయువు ఊరుతుంది, పై నీరు కింది నీరు కలవవు. మన చెరువులకు ఈ మూడూ లేవు. టెన్షన్ పడాల్సిన పని లేదు.

బురద పాతకాలపు సంగతులు చెబుతుందట, ఎలా?

ఆకు మీద మైనపు పొర ఉంటుంది కదా, అది అంత తేలిగ్గా కుళ్లదు. గోదావరి దాన్ని మోసుకెళ్లి బంగాళాఖాతం అడుగున పొరలు పొరలుగా పేర్చింది. ముఖద్వారం ఎదుట సముద్రగర్భంలోకి గొట్టం దించి, పొరలు చెదరకుండా నిలువుగా తీసిన బురదలో ఆ మైనాన్ని పరీక్షించి, పరీవాహకంలో ఏ కాలంలో ఎలాంటి మొక్కలు పెరిగాయో 2012లో చెప్పారు. సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి దక్కను ఎండుతూ, పొడి వాతావరణాన్ని తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని తేలింది. ఎప్పుడో ఏ చెట్టో రాల్చిన ఆకు ఇప్పుడు సాక్ష్యం చెబుతోంది. నాకిది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

మా ఊరి చెరువులో నేను సొంతంగా చూడగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. పెద్ద ఖర్చు లేదు. ఆక్వా మందుల షాపులో పీహెచ్ కిట్ దొరుకుతుంది. ఒకే చోట, ఒకే లోతులో, సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాయండి. వారం రోజులు చాలు. తేడా తక్కువగా ఉంటే నాచు తక్కువున్నట్టు, లేదా బైకార్బనేట్ నిల్వ బాగా ఉన్నట్టు. ఒకటి దాటితే ఆ చెరువుకు ఎక్కడి నుంచో పోషకాలు అందుతుండవచ్చు. గట్టు చుట్టూ నడిచి ఏ కాలువ నుంచో చూడండి. మబ్బు రోజు, ఎండ రోజు విడివిడిగా రాసుకోండి.

బుడగలు చూడాలంటే వేసవిలో, గాలి లేని పొద్దున గట్టు దగ్గర కూర్చోండి. పెద్ద గరాటాను వెడల్పు వైపు కిందికి ఉండేలా తిప్పి, దాని పైన నీళ్లు నింపిన సీసా బోర్లించి, నీళ్లలో ముంచి ఒక కర్రకు కట్టి వదిలితే వచ్చిన వాయువు సీసాలో నీళ్లను కిందికి తోస్తూ చేరుతుంది. మర్నాడు అదే వేళకు వెళ్లి ఎన్ని మిల్లీలీటర్లు చేరిందో గీత పెట్టుకోండి. ఒంటరిగా లోతుకు దిగొద్దు, పిల్లల్ని దింపొద్దు, సీసా దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు. మురుగు కాలువ కలిసే మూల ఒకటి, తూము దగ్గర ఒకటి పెట్టండి. రెండు సీసాల మధ్య తేడా మొదటి రోజే కనబడవచ్చు.